గౌరునాయుడి వంతు

జూన్ 3

పొద్దున్న ఆరు సైరన్‌కి ఏడో బ్లాకు గోడలన్నీ కదిలాయి. మూడో అంతస్తులో ఒకటి మాత్రం సగంలో ఆగి మూలుగుతూ నిలబడింది. పట్టాల్లో ఎర్రదుమ్ము పేరుకుంది. బ్రష్షుతో తుడిచి, నూనె పోసి, ఒక తన్ను తన్నాక కదిలింది. ఇరవై రెండేళ్ల కిందట ఈ మడత మేడని కాగితం మీద గీసిన ఆరుగురిలో నేనొకదాన్ని. మిగతా అయిదుగురూ పెద్ద పెద్ద ఊళ్లలో పెద్ద పెద్ద మేడలు గీస్తున్నారు. నేను ఈ దిబ్బలపేటలో గీసినదాని పట్టాలు తుడుస్తున్నాను. దమయంతి అన్న నా పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. జనానికి నేను గోడలమ్మని.

ఈ చిట్టా రాయడం నా ఉద్యోగంలో భాగం. ఏ గోడ ఎందుకు ఆగింది, ఏ గది ఎవరి కోసం పెరిగింది, ఏది మడిచాం, అంతే రాయాలి. కొంచెం ఎక్కువ రాయడం నా జబ్బు.

3-19 గది సంగతి. అందులో గౌరునాయుడు, నూకరత్నం ఉంటారు. అతనిది ప్లాంటులో రాత్రి పని, ఆమెది పగటి పని. ఆరింటికి ఒకరు వస్తుంటే ఒకరు వెళుతుంటారు. గేటు దగ్గర రెండు నిమిషాలు ఎదురుపడతారు. అతను పడుకునే వేళకి గది పొడుగై, కిటికీ నల్లబడి, ఆమె మంచం వైపు గోడ దగ్గరకి జరుగుతుంది. సాయంత్రం అదే గది వెడల్పై పొయ్యి బయటికొస్తుంది. వచ్చింది ఎవరో నేల చెబుతుంది. మనిషి బరువు, అడుగు తీరు దానికి తెలుసు. గౌరునాయుడు అరవై నాలుగు కిలోలు, ఎడమ మడమ కొంచెం ఈడుస్తాడు.

ఇవాళ 6:12కి 3-19లోకి అతను వచ్చాడని నా చేతి బోర్డు చూపించింది. బరువు సరిపోయింది కానీ మడమ ఈడ్వలేదు. మనిషి అతనేనా అని బోర్డు నన్ను అడిగింది. నేను అవునని నొక్కాను.

అతను కాదని నాకు తెలుసు. వంతుకి ఎవరో వచ్చారు. రాత్రి పనివాళ్లకి పగలు ఆరు గంటల నిద్ర నేల మీద నమోదు కాకపోతే ప్లాంటు గేటు తెరుచుకోదు. ఎవరికైనా ఊళ్లో పని పడితేనో, అమ్మకి ఒంట్లో బాగాలేకపోతేనో, పక్కవాడు వచ్చి వాళ్ల బదులు పడుకుంటాడు. బరువు చాలకపోతే బియ్యం మూట నడుముకి కట్టుకుంటాడు. దీన్నే వంతు నిద్ర అంటారు. గౌరునాయుడికి గాలం పిచ్చి. నెలకి రెండుసార్లు షిఫ్టు దిగి నేరుగా సముద్రం ఒడ్డు రాళ్ల మీదకి పోతాడు. అప్పుడు అతని నేస్తం అసిరి వచ్చి పడుకుంటాడు. చేప దొరికితే అసిరికి సగం, నాకు ముక్క.

రాత్రి మూడింటికి నాలుగో తొట్టి గట్టు విరిగిందట. తొట్టి అంటే ప్లాంటు బురద నీళ్లు తేర్చే పెద్ద గుంట. కరెంటు పోయి, వచ్చీపోయేవాళ్లని నమోదు చేసే గేటు యంత్రం కూడా పనిచేయలేదు. ఎవరికీ ఏమీ కాలేదని మైకులో చెప్పారు.

జూన్ 5

నూకరత్నం నా షెడ్డుకి వచ్చింది. ప్యాకింగు బట్టలు ఇంకా మార్చుకోలేదు. రెండు రోజులుగా గేటు దగ్గర మొగుడు కనిపించలేదట. మొదటి రోజు గుంపులో తప్పిపోయాడనుకుంది. ఇంటికొచ్చి చూస్తే చేప వాసన లేదు, గాలం మూలనే ఉంది.

 గాలం మూలన ఉంటే అతను రాళ్ల మీదకి వెళ్లలేదు.

అసిరిని పిలిపించాను. అతను బాయిలరు దగ్గర మధ్యాహ్నం షిఫ్టు మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్నా బరువు లేని శాల్తీ. మూడో తేదీ పొద్దున్న గది ఖాళీగా కనబడితే గౌరునాయుడు గాలానికి పోయాడనుకుని, అలవాటుగా మూట కట్టుకుని పడుకున్నాడట. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నిన్నా ఇవాళా కూడా గది ఖాళీగానే ఉంటే పడుకున్నాడు.

నూకరత్నం నేల వైపు చూస్తూ ఒకే మాట అంది.

"గది ముయ్యకండమ్మా. ఆయన ఎక్కడున్నాడో తెల్దు. తిరిగొచ్చినాక ఎక్కడికెల్తాడు?"

వారం పాటు మనిషి అడుగు పడకపోతే మేడ ఆ పెట్టెని, అంటే ఆ గదిని, మడిచేస్తుంది. పేరు గేటులోంచి కూడా పోతుంది. అది నేను పెట్టిన నియమం కాదు కానీ నేను అమలు చేసే నియమం. మూయనని మాటిచ్చాను. అడుగు పడుతున్నంత కాలం మూయక్కర్లేదు, ఆ అడుగు ఎవరిదో చూసేది నేనే.

జూన్ 11

ప్లాంటు నుంచి జవాబు వచ్చింది. గౌరునాయుడు పనికి రావడం లేదు కనుక గైరుహాజరు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. రెండో తేదీ సాయంత్రం గేటు దగ్గర ఎదురుపడినప్పుడు ఈ రాత్రి నాలుగో తొట్టి కాడ పని అని అతను చెప్పాడని నూకరత్నం రాసిచ్చింది. దానికి జవాబే లేదు.

వంతులు పెరిగాయి. అసిరి ఒక్కడి వల్ల కావడం లేదు, అతనికి తన పనుంది. ఇప్పుడు పద్నాలుగు మంది పంచుకుంటున్నారు. అసిరి వాళ్లని వరండాలో నడిపించి ఎడమ మడమ ఎలా ఈడ్వాలో నేర్పించాడు. ఒకడు మరీ కుంటుతుంటే, ఆడు కుంటోడు కాడెహె, బద్ధకస్తుడు అని కసిరాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్నూ ఒక వంతు పడుకోమన్నారు కానీ డెబ్భై రెండు కిలోల ఆడమనిషి బియ్యం మూట విప్పుకుంటే తగ్గేది కాదు కదా.

ఆ నవ్వు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇప్పటికీ అతను బతికే ఉన్నాడని అందరం అనుకుంటున్నాం. లేదా అనుకుంటున్నట్టు నటిస్తున్నాం.

జూన్ 19

అసిరి పెళ్లాం అయిదు రోజుల కిందట ఆడపిల్లని కన్నది. రెండు పెట్టెలు కలిపి వాళ్లకి ఒక గది చేశాను. మధ్య గోడ తీసేటప్పుడు బొల్టు తుప్పు పట్టి రాలేదు, మంట పెట్టి కాల్చి తీశాను. పిల్ల బరువు రెండు కిలోల ఎనిమిది వందలు. నేల దాన్ని ఇంకా సామాను అనుకుంటోంది. నెల దాటితే మనిషి అంటుంది.

సాయంత్రం బోర్డు చూస్తే 3-19లో గౌరునాయుడి నిద్ర నమోదై ఉంది. 6:12కి వచ్చాడు, పడుకున్నాడు, ఒంటిగంటకి లేచి నీళ్లు తాగాడు, మళ్లీ పడుకున్నాడు. అంతా సవ్యంగా ఉంది. ఇవాళ వంతు ఎవరిదని అసిరిని అడిగాను, బాగా చేశారని చెబుదామని. అతను తెల్లమొహం వేశాడు. పిల్ల గొడవలో పడి ఇవాళ ఎవరినీ పంపడం మరిచిపోయాడట.

జూన్ 20

వంతుకి ఎవరూ వెళ్లొద్దని చెప్పి, మిట్టమధ్యాహ్నం నేనే 3-19 తలుపు తీశాను.

కిటికీ నల్లబడి ఉంది. గది అతని పొడుగుకి సాగి ఉంది. గోడలోంచి మంచం దిగి ఉంది, తలవైపు రెండు వేళ్ల ఎత్తు లేచి ఉంది. దుమ్ముకి అతనికి ఊపిరి ఆడదు, ఆ ఎత్తు నేల తనంతట తానే నేర్చుకుంది. మంచం మీద ఎవరూ లేరు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి మంచం కుడివైపు నెమ్మదిగా ఒరిగింది. మనిషి పక్కకి తిరిగితే నడుము నొప్పి రాకుండా అలా ఒరగాలని మేడకి నేనే రాసిపెట్టాను. ఒంటిగంటకి మంచం పక్క నేల మీద పాదమంత మేర సన్నటి దీపం వెలిగింది. తర్వాత ఇంకొకటి. ఎడమది మాత్రం కొంచెం పొడుగ్గా వెలిగింది, మడమ ఈడ్చినట్టు. అడుగులు కుళాయి దాకా వెళ్లాయి. కుళాయి ఒక గ్లాసు నీళ్లు వదిలింది. గ్లాసు లేదు కనుక నీళ్లు కింద తూములోకి పోయాయి. అడుగులు తిరిగి నా వైపు రావడం మొదలుపెట్టగానే నేను బయటికి పరుగెత్తాను.

ఇది ఎలా జరుగుతుందో నాకు తెలుసు. 

ఈ మేడ కట్టిన మొదటి ఏడు దుమ్ము వల్ల నేల సరిగ్గా చూడలేక, పడుకున్న మనిషిని లేడనుకుని గోడ మడిచింది. ఒక కుర్రాడి కాలు పోయింది. ఆ రాత్రి నేనొక నియమం రాశాను. నేలకి అడుగు అందకపోయినా, ఆ వేళకి ఆ మనిషి అక్కడ ఉండే అలవాటు గట్టిదైతే, ఉన్నాడనే అనుకో. అతని బదులు గదిని నడిపించు. ఉన్నవాణ్ణి లేడనుకోవడం కంటే లేనివాణ్ణి ఉన్నాడనుకోవడం మేలు. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

అసలు గౌరునాయుడు నెలకి రెండుసార్లు గాలానికి పోయేవాడు, అప్పుడప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు. మా పద్నాలుగు మంది గౌరునాయుడు ఒక్క రోజు తప్పలేదు, ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. ఇంత నమ్మకస్తుడు ఇరవై రెండేళ్లలో ఈ మేడకి తగల్లేదు. ఇక అతను రాకపోయినా మేడ ఒప్పుకోదు.

జూన్ 24

నూకరత్నంతో పాటు ప్లాంటు ఆఫీసుకి వెళ్లాను. నాలుగో తొట్టిని ఒకటో తేదీన పూడ్చేస్తారని నోటీసు అంటించారు. బొగ్గు బూడిద, సిమెంటు కలిపి నింపుతారట. పూడ్చే ముందు ఒక్కసారి నీళ్లు తోడి వెతకమని అడగడానికి వెళ్లాం.

భద్రతాధికారి రామభద్రం మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. తర్వాత తన బల్ల మీద తెర మా వైపు తిప్పాడు. అది నా బోర్డే. ఏడో బ్లాకు, 3-19, గౌరునాయుడు. జూన్ మూడో తేదీ ఉదయం 6:12కి ఇంటికి వచ్చాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ ఒక్క పూట తప్పకుండా ఇంట్లో పడుకున్నాడు.

"గట్టు విరిగింది మూడింటికి. మీ ఇల్లే చెబుతోంది కదమ్మా, మనిషి ఆరింటికి ఇంట్లో ఉన్నాడని," అన్నాడు రామభద్రం. "ఇంట్లో ఉన్నవాడి కోసం తొట్టి ఎలా తోడిస్తాను?"

నూకరత్నం నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. మనిషికి చోటు పోకూడదని మేం చేసిన పని, ఆ మనిషిని బురదలోనే ఉంచేస్తోంది. వంతు పడుకున్నామని చెబితే పద్నాలుగు మంది గదులూ మడవాలి, దొంగ నిద్రకి శిక్ష అదే. చెప్పకపోతే ఒకటో తేదీన అతని మీద సిమెంటు పోస్తారు. మజ్జిగ గ్లాసు అలాగే వదిలేసి లేచాం.

దారిలో ఆమె ఏడవలేదు. మా ఆయన పోయినాడమ్మా అంది, మొదటిసారి. శవాన్ని ఇప్పించండి చాలు అంది.

జూన్ 26

సాయంత్రం మేడ మీద నీళ్ల ట్యాంకుల దగ్గర అందరూ కూడారు. మాట్లాడింది తక్కువ, నేల చూపులు ఎక్కువ. ఒక పెద్దాయన, మనం చెడ్డ చెయ్యాలని చెయ్యలేదు కదా అన్నాడు. ఇంకొకతను పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయన్నాడు. ఎవరినీ తప్పుపట్టలేను. ఈ పెట్టె పోతే దిబ్బలపేటలో ఇంకో పెట్టె దొరకడానికి ఆరేళ్లు పడుతుంది. ఆ జాబితా కూడా నా షెడ్డులోనే ఉంటుంది.

అసిరి అందరికీ దూరంగా, పిట్టగోడ మీద కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఆ పొద్దు నానే తొంగున్నానమ్మా," అన్నాడు. "ఆడి పక్క మీద. ఆడేమో బురదలో. రోజూలాగే గాలానికెల్నాడనుకున్నాను. ఆ పొద్దు నాకు మంచి నిద్రపట్టీసింది."

 నన్ను అడిగిన మాట గుర్తొచ్చింది. మనిషి అతనేనా అని అడిగింది ఇల్లు. అదొక్కటే అడిగింది, ఒక్కసారే అడిగింది. ప్లాంటులో ఎవరూ అడగని ప్రశ్న అది. అవునన్నది నేను. అసిరికి నిద్రపట్టింది, నాకు చేప ముక్క మీద ఆశ పుట్టింది. మా ఇద్దరిలో చదువుకున్నది నేను.

కిందకి దిగి కార్మిక తనిఖీ అధికారికి ఉత్తరం రాశాను. గోడల నిర్వాహకురాలు దమయంతి అనే నేను, మేడ నమోదు తప్పని, ఆ తప్పు నా చేతిదని, వచ్చి కళ్లారా చూడమని కోరుతున్నాను. ఇంకెవరి పేరూ రాయలేదు.

జూన్ 28

తనిఖీ అధికారి పదకొండు గంటలకి వచ్చింది. సన్నగా, కళ్లజోడుతో, చేతిలో గొడుగు, నా కూతురి వయసు. రామభద్రం కూడా వచ్చాడు. నూకరత్నం సెలవు పెట్టి వచ్చింది కానీ గది లోపలికి రాలేదు, వరండాలో నిలబడింది. అడుగులు చూడలేనంది. వరండా నిండా జనం.

బోర్డు చూపించాను. గౌరునాయుడు, నిద్ర, 6:12 నుంచి. తర్వాత తలుపు తీశాను.

అధికారి గదిలో నాలుగు మూలలూ చూసింది. మంచం కింద వంగి చూసింది. ఖాళీ మంచం పక్కకి ఒరిగినప్పుడు దాని మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసుకుంది. ఒంటిగంటకి అడుగుల దీపాలు వెలిగినప్పుడు గోడకి జరిగి దారి ఇచ్చింది. లేని మనిషికి దారి ఇచ్చానని ఆమెకి తర్వాత తెలిసినట్టుంది, మొహం ఎర్రబడింది.

రామభద్రం ఇది యంత్రం లోపమని, ఇవాళ చెడిపోయినంత మాత్రాన మూడో తేదీన కూడా చెడిపోయిందనలేమని అన్నాడు. న్యాయమైన మాటే. అప్పుడు నేను ఈ చిట్టాలో మూడో తేదీ రాసింది చదివాను. మడమ ఈడ్వలేదన్నది, బోర్డు అడిగింది, నేను నొక్కింది. గాలం, చేప ముక్క కూడా వదలకుండా చదివాను.

మరి ఆ రోజు వచ్చింది ఎవరని అధికారి అడిగింది. తెలుసు కానీ చెప్పనన్నాను. చెప్పకపోతే నా మాటకి విలువ లేదంది. లేకపోతే లేదన్నాను. ఆమె కాగితం మడిచేసింది. ఇంతేనా అనిపించింది.

వరండాలో జనం కదిలారు. అసిరి లోపలికి వచ్చాడు. నడుముకి బియ్యం మూట కట్టుకుని ఉన్నాడు. ఎవరి వైపూ చూడకుండా తలుపు దగ్గర్నుంచి మంచం దాకా మామూలుగా నడిచాడు, మడమ ఈడ్వకుండా. బోర్డు టింగుమంది. గౌరునాయుడి పేరు కింద, మనిషి అతనేనా అని అక్షరాలు వెలిగాయి.

"కాదని నొక్కండమ్మా," అన్నాడు అసిరి.

నేను కాదని నొక్కాను. ఇరవై అయిదు రోజులు ఆలస్యంగా.

మంచం పైకి లేచింది, కిటికీ తెల్లబడింది. అధికారి మూడో తేదీ అడుగుల ముద్ర తెప్పించి, ఇప్పటి అసిరి అడుగు పక్కన పెట్టి చూసుకుంది. ఒకటే. రామభద్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పూడ్చడం ఆపి తొట్టి తోడమని ఆమె అక్కడే, నిలబడే రాసింది.

జూన్ 30

నిన్నంతా పంపులు ఆడాయి. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి దొరికాడు. గట్టు కింద, ఎడమ వైపు తిరిగి ఉన్నాడు. నూకరత్నం బూట్లు చూసి గుర్తుపట్టింది. ఎడమ మడమ అరిగి ఉందట. నేను దగ్గరికి వెళ్లలేదు, ధైర్యం చాలలేదు.

ఏడో బ్లాకు మొత్తం శ్మశానం దాకా నడిచింది. ప్లాంటు సంతాప సైరన్ ఇవ్వలేదు, ఇవ్వమని ఎవరూ అడగలేదు కూడా. అసిరి పాడె ముందువైపు ఎడమ కొమ్ము పట్టాడు, చివరి దాకా ఎవరికీ మార్చలేదు.

నాకు ఉత్తర్వు వచ్చింది. అయిదో తేదీ సాయంత్రానికి బోర్డు అప్పగించాలి, పదో తేదీకి నా గది ఖాళీ చేయాలి. అసిరి విషయం విచారణలో ఉంది. పసిపిల్ల ఉందని తనిఖీ అధికారి ఏదో రాసిందట, ఏమవుతుందో తెలీదు. మిగతా పదమూడు మంది పేర్లు ఆమె అడగలేదు.

జూలై 4

3-19 మడవాలి. మరణ పత్రం వచ్చింది, ఎక్కిస్తే మేడ అతన్ని వదిలేస్తుంది. బోర్డు మీద నా చెయ్యి ఉండేది రేపటిదాకానే. ఇంకెవరి చేతో ఇది జరగడం నాకిష్టం లేదు.

ఇరవై ఎనిమిదిన కాదని నొక్కాను కదా, మేడ ఆ పూటకే ఒప్పుకుంది. మర్నాడు పొద్దున్న 6:12కి మళ్లీ మంచం దించింది.

నూకరత్నానికి ఆడవాళ్ల బ్లాకులో ఒంటి పెట్టె దొరికింది. సామాను నిన్ననే మార్చాం. ఇవాళ పొద్దున్న ఆమె నా షెడ్డుకి వచ్చి, పత్రం ఎక్కించే ముందు ఒక్క పగలు ఆ గదిలో కూర్చుంటానంది. నాలుగేళ్ల కాపురంలో మొగుడు పగలు పడుకుని ఉండగా ఎప్పుడూ చూడలేదు కదా అంది. ఆదివారం ఇద్దరూ ఇంట్లో ఉన్నా పగలు పడుకునేవాడే కాదట, గాలం కడుగుతూ కూర్చునేవాడట. నన్ను తోడు రమ్మంది. భయమా అని అడిగితే, భయం కాదమ్మా, అర్థం కానిదేటైనా ఉంటే చెబుతారని అంది.

ఇద్దరం గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాం. చీకటి గదిలో ఖాళీ మంచం ఒరిగినప్పుడల్లా ఆమె ఇటు తిరిగినాడు, అటు తిరిగినాడు అని మెల్లగా అనేది. ఒంటిగంటకి అడుగులు లేచాయి. ఆమె లేచి, వెంట తెచ్చుకున్న గ్లాసు తీసుకెళ్లి కుళాయి కింద పెట్టింది. నీళ్లు నిండాయి. ఆ గ్లాసు అక్కడే వదిలి వచ్చి కూర్చుంది. ఈసారి నేను పరుగెత్తలేదు. ఆమె పక్కన ఉంటే భయం వేయలేదు, దుఃఖం వేసింది.

నాలుగింటికి నా నడుము పట్టేసింది. పత్రం ఎక్కించేద్దామా అని అడిగాను.

"నిద్ర లేచేదాకా ఆగండమ్మా," అంది. "మధ్యలో లేపకండి."

అయిదుంబావుకి మంచం పైకి లేచింది. కిటికీ తేటపడింది. ఆమె మంచం వైపు గోడ వెనక్కి జరిగింది. అడుగులు కుళాయి దాకా వెళ్లి, తిరిగి వచ్చి, తలుపు వైపు పోకుండా ఆమె మంచం దగ్గర ఆగాయి. రెండు పాదాల దీపాలూ పక్కపక్కనే వెలిగి అలాగే ఉండిపోయాయి. తర్వాత మంచం తలవైపు నుంచి కాళ్లవైపుకి జరిగాయి, మళ్లీ తలవైపుకి వచ్చాయి.

నేను బోర్డు తీసి చూశాను. పనికి వెళ్లే ప్రతి రోజూ ఇదే వేళకి, దాదాపు రెండు నిమిషాలు. నాలుగేళ్ల నుంచీ ఉంది. వంతు పడుకున్న పద్నాలుగు మందిలో ఎవరూ ఇక్కడ ఆగలేదు, వాళ్లకి తెలీదు. ఇక్కడ ఏం చేసేవాడని ఆమె అడిగింది. ఇంటికి అడుగులు తప్ప చేతులు తెలియవని చెప్పాను.

నూకరత్నం చాలాసేపు ఆ దీపాలనే చూసింది.

"నా పక్క పరిచేవాడు," అంది. "పని నుంచి వచ్చేసరికి దుప్పటి పరిచి, తలగడ సర్ది ఉండేది. ఇల్లే పరుస్తాదనుకున్నాను. ఆ పొద్దు నుంచీ పరచడం నేదు. ఇల్లు పాడైపోయిందని మీకు కంప్లైంటు ఇద్దామనుకున్నానమ్మా."

ఈ మేడకి పక్క పరచడం రాదు. అది నేను ఎప్పుడూ రాయలేదు, నాకు తట్టనే లేదు. ఆ మాట ఆమెకి చెప్పాను.

ఆమె అప్పుడు ఏడ్చింది. ముప్ఫై రెండు రోజుల్లో నేను చూసింది అదే మొదటిసారి. నేను ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాను.

దీపాలు మంచం వదిలి తలుపు వైపు కదిలాయి. ఎడమ అడుగు కొంచెం పొడుగ్గా, కుడి అడుగు పొట్టిగా. తలుపు తెరుచుకుంది. వరండాలో ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు, వాళ్లు పట్టించుకోలేదు. తలుపు మూసుకుంది. బోర్డు మీద, గౌరునాయుడు, పనికి వెళ్లాడు, 5:41 అని పడింది.

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది.

"ఎల్లిపోయినాడు. ఇప్పుడు ముయ్యండి," అంది.

5:44కి పత్రం ఎక్కించాను. 5:50కి 3-19 మడిచాను.